మే నెలలో గుంటూరు నుంచి అయిదుగురం, చేతిలో పాతిక వేలు: ఎక్కడికి వెళ్ళొచ్చు?

బ్రాడీపేట బాబు:

అందరికీ నమస్తే. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు (పాపకి పదేళ్ళు, చిన్నోడికి నాలుగు), మా అమ్మ (63). మొత్తం అయిదుగురం. పోయిన ఏడాది సెలవులన్నీ కూలర్ ముందే గడిచిపోయాయి. బడి తెరిచాక "సెలవుల్లో నేనేం చేశాను" అని వ్యాసం రాయమంటే మా పాప "కూలర్‌లో నీళ్ళు పోశాను" అని రాసిందట. టీచరమ్మ నవ్వుకున్నారట కానీ నాకు మాత్రం నవ్వు రాలేదు. ఈసారి ఎక్కడికైనా తీసుకెళ్ళాల్సిందే.

డబ్బు పాతిక వేలు. లాగితే ముప్పై దాకా వస్తుంది, కానీ జూన్ 12న బళ్ళు తెరుస్తారు, ఫీజులు, పుస్తకాలు, బూట్లు అన్నీ ఆ నెలలోనే మీద పడతాయి కాబట్టి లాగకపోతేనే మంచిది. ఈఎంఐ పెట్టి ఊళ్ళు తిరిగే ఓపిక నాకు లేదు.

మనసులో ఊటీ ఉంది. ఇక్కడ ఒక ట్రావెల్స్ వాళ్ళని అడిగితే మూడు రాత్రులకి 46 వేలు చెప్పారు, అందులో మధ్యాహ్నం భోజనాలు లేవు. మా అమ్మ షరతులు రెండు. ఒకటి, మోకాళ్ళు నొప్పులు కాబట్టి మెట్లు ఎక్కించకూడదు. రెండు, ఆవకాయ పెట్టాకే ఇల్లు కదులుతుంది. రెండోదాని మీద చర్చ లేదు, దయచేసి ఎవరూ సలహాలు ఇవ్వకండి.

వాల్తేరు వాసి:

మా వైపు రండి. గుంటూరులో సింహాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తిన్నగా విశాఖలో దిగుతారు. ఒక రాత్రి ఇక్కడ ఉండి, పొద్దున్నే కిరండూల్ పాసింజర్‌లో అరకు. అద్దాల పెట్టెకి ఎగబడకండి, మామూలు పెట్టె టికెట్ దాంతో పోలిస్తే దాదాపు ఊరికే వచ్చినట్టు, సొరంగాలు మాత్రం రెండింటికీ అవే కదా. ఆ లైను మొత్తానికి 58 సొరంగాలని చెబుతారు. మా మేనల్లుడు లెక్కపెడతానని కూర్చుని, పల్లీలమ్మే ఆవిడ వచ్చేసరికి లెక్క తప్పి, మళ్ళీ మొదటి నుంచి వెళ్దామని ఒకటే గొడవ.

అయితే ఒక మాట ముందే చెప్పాలి, తర్వాత నన్ను తిట్టుకోకూడదు. మే నెలలో పగటిపూట అరకులోనూ ఎండే. రాత్రి హాయిగా ఉంటుంది. మీరు ఫొటోల్లో చూసే పొగమంచు, పసుపు వలిసె పూలు శీతాకాలం సంగతి. బొర్రా గుహల్లో చల్లగానే ఉంటుంది కానీ మెట్లు చాలా ఉన్నాయి, అమ్మగారిని బయట కూర్చోబెట్టాల్సి వస్తుంది. నా ఓటు: అరకుని డిసెంబరుకి దాచుకోండి.

చలిచీమ:

పైన అన్నగారు తన ఊరి గురించి నిజం చెప్పారు, మెచ్చుకోవాలి. నేను ఊటీ గురించి చెబుతాను.

రెండేళ్ళ కిందట మే రెండో శనివారం కారేసుకుని వెళ్ళాం. ఆ నెల 7వ తేదీ నుంచే కొండెక్కే బళ్ళకి మద్రాసు హైకోర్టు చెప్పిన ఈ-పాస్ మొదలైంది, మాకు తెలియక దారిలో ఆగి సెల్‌ఫోన్‌లో కుస్తీ పట్టి తీసుకున్నాం. ఇప్పుడైతే రోజుకి ఇన్ని బళ్ళే అని పరిమితి కూడా పెట్టారు, కారులో వెళ్ళేవాళ్ళు ముందే చూసుకోవాలి. కొండ ఎక్కాక బొటానికల్ గార్డెన్‌లో పూల ప్రదర్శన. ఊరంతా అక్కడే ఉంది. రెండు రోజుల్లో మేము నిజంగా బాగా చూసింది మా ముందు కారు వెనక నంబరు ప్లేటు. ఫోన్లో మాట్లాడుకున్న లాడ్జివాడు మేము చేరేసరికి "సీజన్ సార్" అని రేటు ఒకటిన్నర రెట్లు చేశాడు, పిల్లలు నిద్రతో తూలుతున్నారు, రాత్రి తొమ్మిదయింది, ఏం మాట్లాడతాం, ఇచ్చాం.

ఊటీ చెడ్డ ఊరని కాదు. సుమారు 2,240 మీటర్ల ఎత్తు, మే నెలలో స్వెట్టర్ వేయించే ఊరు మనకి దగ్గర్లో ఇంకెక్కడుంది. కానీ మే శని ఆదివారాల్లో వెళ్తే మాత్రం మీరు డబ్బిచ్చి గుంటూరు లాడ్జి సెంటర్ ట్రాఫిక్‌ని కొండ మీద కొనుక్కున్నట్టే.

తప్పదంటే ఇలా చేయండి. కోయంబత్తూరుకి రైల్లో వెళ్ళి, మేట్టుపాళయం మీదుగా ప్రభుత్వ బస్సు ఎక్కండి, బస్సులో వెళ్ళేవాళ్ళకి ఈ-పాస్ గొడవ లేదు. ఊటీలో కాకుండా కూనూరులోనో కోటగిరిలోనో దిగండి. బొమ్మ రైలు మేట్టుపాళయం నుంచి 46 కిలోమీటర్లు, వేసవిలో ఆ టికెట్ దొరకడం అదృష్టం, దొరక్కపోతే కూనూరు నుంచి ఊటీ దాకా చిన్న ముక్క ఎక్కినా పిల్లలకి సరదా తీరుతుంది. స్టీలు సీసాలు పట్టుకెళ్ళండి, నీలగిరిలో ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు కనిపిస్తే పట్టుకుంటారు.

మదనపల్లె మామ:

ఇంత దూరం ఎందుకండీ. మన హార్సిలీ హిల్స్ లేదా? 1,265 మీటర్లు. తిరుపతి దాకా రైలు, దర్శనం దొరికితే అదొక పుణ్యం, అక్కడి నుంచి మదనపల్లెకి బస్సు. ఆడవాళ్ళకి ఉచిత బస్సు, అదే స్త్రీశక్తి, ఉంది కాబట్టి ఎక్స్‌ప్రెస్ బస్సులో మీ అమ్మగారికి, మీ ఆవిడకి, పాపకి టికెట్ సున్నా, ఆధార్ కార్డులు మాత్రం మర్చిపోవద్దు. చిన్నోడికి ఎలాగూ లేదు. అంటే ఇంటిల్లిపాదిలో టికెట్ కొనేది మీరొక్కరే!

కొండ మీద హరిత రిసార్టు ఉంది, గదులు తక్కువ, మే నెలకి ఇప్పుడే పట్టుకోవాలి. గాలిబండ దగ్గర సాయంత్రం కూర్చుంటే లేవబుద్ధి కాదు, పేరు ఊరికే రాలేదు. మల్లమ్మ గుడి ఉంది. కోతులున్నాయి, చేతిలో తినేవి పెట్టుకుని తిరగకండి. దిగేటప్పుడు మదనపల్లెలో బీసెంట్ థియోసాఫికల్ కాలేజీ చూపించండి పాపకి, 1919లో ఠాగూర్ జనగణమనని ఇంగ్లీషులోకి మార్చింది అక్కడే. వ్యాసంలోకి పనికొస్తుంది.

నిజం చెప్పాలంటే రెండు రాత్రులు చాలు. మూడో రోజు పిల్లలు "ఇంకేముంది" అంటారు. అదే దాని అందం అని నేనంటాను, మా పిల్లలు ఒప్పుకోరు.

గోదారిగట్టు:

బాబు గారూ, మీ పోస్టు కింద ఎవరో ఒకరు "కోనసీమ వెళ్ళండి, కేరళలా ఉంటుంది" అని రాసే లోపు నేనే రాసేస్తున్నాను. మాది అమలాపురం దగ్గరే. వేసవిలో మరమ్మతులకని మా కాలువలు కట్టేస్తారు. మీరు రీళ్ళలో చూసిన ఆ నీళ్ళు, ఆ కొబ్బరిచెట్ల నీడలు ఉండవు, కాలువలో అడుగున బురద, పైన ఉక్కపోత. బంధువులుంటే వేరు, తాటి ముంజలు తిని, రసాలు జుర్రుకుని, మధ్యాహ్నం అరుగు మీద పడుకోవచ్చు. బంధువులు లేకుండా హోటల్ గదిలో ఉండి మే నెల కోనసీమ చూడాలనుకోవద్దు. సంక్రాంతికి రండి, మా ఇంటికే రండి.

సేలం కోడలు:

అన్నయ్యా, నాది నరసరావుపేట, పెళ్ళయి పన్నెండేళ్ళుగా సేలంలో ఉంటున్నాను. ఎవరూ ఏర్కాడు పేరు ఎత్తలేదేంటా అని చూస్తున్నా. ఇక్కడివాళ్ళు దాన్ని పేదవాళ్ళ ఊటీ అంటారు. నాకైతే ఆ మాట నచ్చదు, ఊటీకి లేని నిమ్మళం దీనికుంది.

మీకు కుదిరేది ఏంటంటే, శబరి ఎక్స్‌ప్రెస్ గుంటూరు మీదుగానే సేలం వస్తుంది. సాయంత్రం ఎక్కితే తెల్లవారేసరికి ఇక్కడ ఉంటారు, తిరుగు ప్రయాణం కూడా రాత్రే, అంటే ఎండలో స్లీపర్‌లో ఉడికే బాధ లేదు (టైములు ఈ మధ్య మారాయి, ఒకసారి చూసుకోండి). స్లీపర్ మనిషికి అయిదొందల లోపే. సేలం నుంచి కొండ మీదకి ముప్పై కిలోమీటర్లు. ఇరవై హెయిర్‌పిన్ మలుపులున్నాయి, ఖాళీ కడుపుతోనూ ఎక్కొద్దు, నిండా తినీ ఎక్కొద్దు, రెండు ఇడ్లీలు చాలు. నిరుడు మా అన్నావదినలు ఇద్దరు పిల్లలతో, మా అమ్మతో వచ్చారు, అచ్చం మీ ఇంటి లెక్కే. వాళ్ళ ఖర్చు నాకు నోటికి వచ్చు, ఎందుకంటే మా వదిన రోజూ రాత్రి పద్దు రాసి నాకు వాట్సాప్ పెట్టేది.

రైలు రానూపోనూ నాలుగు టికెట్లకి మూడున్నర వేలు. గది మూడు రాత్రులకి ఏడున్నర వేలు, పెద్ద గది, అదనంగా ఒక పరుపు. చెరువుకి ఎదురుగా ఉన్నవాటి జోలికి పోకుండా కొంచెం లోపల, కాఫీ తోటల వైపు తీసుకున్నారు, అక్కడే తేడా వచ్చింది. కొండ ఎక్కడానికి బస్సే, దిగేటప్పుడు అమ్మ కోసం టాక్సీ. ఊరు చూడ్డానికి ఒక్క రోజుకి టాక్సీ, మిగతా రెండు రోజులు నడకే. తిండికి అయిదు వేలకి కొంచెం పైన. మొత్తం ఇరవై ఒకటి చిల్లర. అందులో బోటు షికారు, పిల్లలకి మిరపకాయ బజ్జీలు, మా వదిన కొన్న రెండు కిలోల కాఫీ పొడి, మిరియాలు కూడా ఉన్నాయి.

చూడ్డానికి ఏముందంటే, ముందుగా చెరువు. ఏరి అంటే తమిళంలో చెరువు, కాడు అంటే అడవి, ఊరి పేరే అది. దాని పక్కనే అన్నా పార్కు, పిల్లలకి అక్కడే సగం రోజు పోతుంది. లేడీస్ సీట్ అనే చోట నుంచి రాత్రిపూట కింద సేలం దీపాలు కనిపిస్తాయి, మెట్లు లేవు, బండి దగ్గరిదాకా పోతుంది. శేర్వరాయన్ గుడి కొండ కొసన గుహలాంటి చోట ఉంది, లోపల బాగా వంగాలి, అమ్మగారు బయటే దండం పెట్టుకోవచ్చు, ఆ పైన గాలి చాలు. కిలియూరు జలపాతం అని ఎవరైనా చెబితే వద్దు, వేసవిలో నీళ్ళుండవు, దిగడానికి బోలెడు మెట్లు.

ఒక్క జాగ్రత్త: మే మూడు నాలుగు వారాల్లో ఇక్కడ కూడా వేసవి పండగ, పూల ప్రదర్శన పెడతారు. అప్పుడు శని ఆదివారాలు కాలు పెట్టే చోటుండదు. సోమవారం నుంచి గురువారం లోపల వచ్చి వెళ్ళిపోండి. మా వాళ్ళు బుక్ చేసిన గదే శుక్రవారం నుంచి రెట్టింపు అని గోడ మీద కాగితం అంటించారు, వాళ్ళు దిగుతుంటే.

బ్రాడీపేట బాబు:

చెల్లెమ్మా, మీ వదిన గారికి నా నమస్కారాలు. ఆ పద్దు చూసి మా ఆవిడ "చూశారా, లెక్క రాయడం అంటే ఇదీ" అని నాకు ఒకటి వడ్డించింది.

మూడు సందేహాలు. చలి ఉంటుందా, స్వెట్టర్లు కొనాలా? మా అమ్మ బయటి తిండి పెద్దగా తినదు, రైస్ కుక్కర్ తీసుకెళ్ళొచ్చా? అమ్మకి కింది బెర్తు రాకపోతే ప్రయాణమే మానేస్తుంది, ఏం చేయాలి?

సేలం కోడలు:

స్వెట్టర్లు కొనక్కర్లేదు, పిల్లలకి ఫుల్ చేతుల చొక్కాలు, అమ్మగారికి ఒక శాలువా చాలు. కుక్కర్ గురించి గది తీసుకునేటప్పుడే అడగండి, కొన్నిచోట్ల ఒప్పుకోరు, దొంగచాటుగా పెట్టి ఫ్యూజు పోగొట్టిన వాళ్ళు నాకు తెలుసు (మా వాళ్ళే). ఇక్కడ మీల్స్ బాగుంటాయి, అన్నం సాంబారు రసం మజ్జిగ. మనకి లోటు కారమే. కందిపొడి, నెయ్యి, కొత్త ఆవకాయ చిన్న డబ్బాలో తెచ్చుకుంటే ఎవరికీ కుక్కర్ గుర్తుకు రాదు.

చలిచీమ:

చలి లెక్క నేను చెబుతా. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే ఆరేడు డిగ్రీలు తగ్గుతుంది. ఏర్కాడు సుమారు 1,500 మీటర్లు, సేలం మూడొందలకి లోపు. కింద 38 ఉంటే పైన 30 అటూ ఇటూ. పగలు చెట్టు నీడ, రాత్రి దుప్పటి. ఊటీ చలి ఆశించి వెళ్తే నిరాశ పడతారు, గుంటూరు ఎండ నుంచి పారిపోయి వెళ్తే స్వర్గంలా ఉంటుంది.

పీఎన్ఆర్ పిచ్చోడు:

బెర్తు అన్నారు కాబట్టి వచ్చాను.

రిజర్వేషన్ ఇప్పుడు 120 రోజుల ముందు కాదు, 2024 నవంబరు నుంచి 60 రోజులే. మీరు మే 18 సోమవారం ఎక్కాలనుకుంటే మార్చి 19న ఉదయం 8 గంటలకి తెరుచుకుంటుంది. ఆ రోజు ఏంటో చూసుకున్నారా? ఉగాది. ఊరంతా వేపపువ్వు కోస్తూ ఉంటుంది, మీరు ఫోన్ పట్టుకుని కూర్చోండి. వచ్చే సంవత్సరం పేరు పరాభవ, తొమ్మిదింటికి తీరిగ్గా చూద్దాంలే అనుకుంటే వెయిటింగ్ లిస్టు రూపంలో అది మీ ఇంట్లోనే మొదలవుతుంది. వెయిటింగ్ టికెట్‌తో స్లీపర్‌లోకి ఇప్పుడు రానివ్వట్లేదు, సర్దుకుపోదాం అనే కాలం పోయింది.

ఇంకో సంగతి, మే 17 నుంచి అధిక జ్యేష్ఠ మాసం. పెళ్ళిళ్ళు ఉండవు. పెళ్ళివారి తాకిడి లేదంటే రైలుకీ లాడ్జికీ కాస్త ఊపిరి ఆడుతుందని నా అంచనా. అందుకే 18 అన్నాను, ఆవకాయకి కూడా అప్పటికి టైముంటుంది కదా (సలహా కాదు, ఊరికే అన్నాను).

అమ్మగారి బెర్తు: అందరినీ ఒకే టికెట్‌లో పెడితే సీనియర్ సిటిజన్ కోటా వర్తించదు. ఆ కోటాలో ఆవిడ ఒక్కరికీ విడిగా తీయండి, కింది బెర్తు దొరికే అవకాశం బాగా పెరుగుతుంది. వయసు మీద రాయితీ మాత్రం 2020 నుంచి లేదు, పూర్తి ఛార్జీయే. పాపకి బెర్తు కావాలంటే పెద్దవాళ్ళ ఛార్జీ, వద్దంటే సగం. చిన్నోడికి అయిదు నిండలేదు కాబట్టి టికెట్ అక్కర్లేదు, వాళ్ళమ్మ పక్కన పడుకోవాలి.

వాల్తేరు వాసి:

విడిగా తీస్తే ఆవిడ వేరే పెట్టెలో పడితే? మా అత్తగారికి అలా పడింది. నెల్లూరు దాకా మా ఆవిడ నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

పీఎన్ఆర్ పిచ్చోడు:

పడొచ్చు, కాదనను. ముందు అమ్మగారి టికెట్ తీసి, వెంటనే మిగతావి తీయండి, తేడా వస్తే పక్కవాళ్ళని బతిమాలి మార్చుకోవచ్చు. కింది బెర్తు వదులుకుని ఎవరూ రారు కానీ, మీరు ఆవిడ పెట్టెలోకి వెళ్ళి పై బెర్తు పుచ్చుకోవచ్చు, ఆ పై బెర్తువాళ్ళు మీ చోటికి వస్తారు. పై బెర్తుకి పై బెర్తు మార్చుకోమంటే ఎవరూ కాదనరు.

మదనపల్లె మామ:

అయితే మా కొండకి రానట్టేనా? సరే, కానివ్వండి. టమాటాలు చౌకగా ఉన్నప్పుడు చెబుతాను, అప్పుడు రండి.

బ్రాడీపేట బాబు:

ఉగాది శుభాకాంక్షలు అందరికీ. పచ్చడి తినకముందే కూర్చున్నా. 8 గంటల 4 నిమిషాలకి అమ్మకి కింది బెర్తు, 8 గంటల 9 నిమిషాలకి మాకు మూడు, పెట్టె వేరే, కానీ పక్క పెట్టే. అమ్మని "పక్క పెట్టె అయితే ఫర్వాలేదా" అని అడిగితే "రాత్రంతా మీ గోల లేకుండా పడుకుంటాను, హాయి" అంది. ఇన్నాళ్ళూ నేను దేనికి టెన్షన్ పడ్డానో అర్థం కాలేదు.

తిరుగు టికెట్ మే 21 గురువారం సాయంత్రానికి, దానికి మార్చి 22న మళ్ళీ కూర్చోవాలి. రైల్లో ఒక రాత్రి పోగా కొండ మీద మాకు దక్కేది రెండు రాత్రులే, మూడో రాత్రి కోసం శుక్రవారం దాకా ఉండే ప్రసక్తి లేదు. గది కోసం నాలుగు చోట్లకి ఫోన్ చేశాను. రాత్రికి రెండువేల నాలుగొందలకి ఒకాయన ఒప్పుకున్నాడు, "సీజన్ సార్" అనకుండా రేటు వాట్సాప్‌లో రాసి పంపమన్నాను, పంపాడు. కుక్కర్ వద్దన్నాడు. కందిపొడి గురించి అడగలేదు.

మిగిలే డబ్బుతో ఏం చేద్దామని పాపని అడిగితే, బోటు రెండుసార్లు ఎక్కుతుందట.